సగంలో తెగిన మాట

తాండూరులో రాతి గోడల ఇళ్లు ఎండాకాలం చల్లగా ఉంటాయి. సెల్‌ఫోన్ సిగ్నల్‌ను మాత్రం లోపలికి రానివ్వవు. జ్యోతిరాణి ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఫోన్ ఇంకా మిగిలి ఉండటానికి కారణం అదే. దాంట్లో మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ తీగ మీద వచ్చే ఇంటర్నెట్టే ఆ ఇంటికి ముఖ్యం. ఫైబర్ లైన్ పక్క వీధి దాకా వచ్చి ఆగిపోయింది. జ్యోతిరాణి ఉద్యోగం మొత్తం ఆ పాత రాగి తీగ మీదే నడిచేది.

ఆమె ఏం పని చేస్తుందో గల్లీలో చాలామందికి అర్థమయ్యేది కాదు. రోజంతా ఇంట్లోనే ఉంటుంది, రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది, జీతం వస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, హైదరాబాద్‌లో ఒక సంస్థ ఫోన్‌లో వైద్య సలహాలు ఇస్తుంది. కర్ణాటక సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెల వాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. డాక్టరుకు కన్నడం రాదు, ఫోన్ చేసినవాళ్లకు తెలుగు రాదు. అలాంటప్పుడు ఆ కాల్‌లోకి మూడో మనిషిగా జ్యోతిరాణిని కలుపుతారు. ముందుగదిలో కంప్యూటర్ ఎదుట హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని, వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ అందించడమే ఆమె పని.

ఆ భాషలు ఆమె బడిలో నేర్చుకున్నవి కావు. తల్లి ఎంకమ్మ పుట్టిల్లు సేడం వైపు, కాబట్టి జోలపాటలు కన్నడంలో విన్నది. తండ్రిది దౌల్తాబాద్ మండలంలో ఒక చిన్న పల్లె. కంది చేలలో కూలికి పోయే కుటుంబం. జ్యోతిరాణి చిన్నప్పుడే తండ్రికి బండల పాలిషింగ్ యూనిట్లో పని దొరికి తాండూరు వచ్చేశారు. బండలు కోసే చోట ఆడుకుంటూ ఉర్దూ నేర్చింది. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో చీటీలు రాసే పనికి కుదిరింది. చించోళి నుంచో సేడం నుంచో వచ్చిన రోగి లోపల ఏం చెబుతున్నాడో అర్థం కాకపోతే నర్సులు "జ్యోతక్కను పిలువుండ్రి" అనేవాళ్లు. అట్లా అలవాటైన పనే తర్వాత ఉద్యోగమైంది. తను అక్కడ లేకపోతే ఆ ఇద్దరి మధ్య మాట నడవదన్న సంగతి ఆమెకు ఇష్టంగా ఉండేది. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు లైన్‌లో తేడా వచ్చింది.

మొదట నెట్ నెమ్మదించింది. అవతలి గొంతు మింగేసినట్టు, ముక్కలు ముక్కలుగా వినిపించేది. తర్వాత కాల్ మధ్యలో మోడెం మీది పచ్చ దీపం ఆరిపోవడం మొదలైంది. రెండు మూడు నిమిషాలు మిణుకుమిణుకుమని మళ్లీ వెలిగేది. అట్లా తెగి అతుక్కున్న ప్రతిసారీ నెట్ వేగం మునుపటికన్నా ఇంకొంచెం తగ్గేది. పోనీ రోజూ ఒకే తీరుగా ఉంటుందా అంటే అదీ లేదు. ఒక్కోరోజు సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మరో రోజు పొద్దున నోరు విప్పితే చాలు, తెగేది.

ఆమె ఫిర్యాదు చేసింది. ఫిర్యాదుల నంబరులో రికార్డు చేసిన గొంతు అది నొక్కమంది, ఇది నొక్కమంది. చివరికి "మీ ఫిర్యాదు నమోదైంది" అంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక లైన్‌మన్ చంద్రకాంత్ బండి మీద వచ్చాడు. నడివయసు మనిషి, నీళ్లు తాగి గోడకు నిచ్చెన వేసి పైన తీగ చూశాడు, కింద ప్లగ్గు విప్పి చూశాడు, ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"లైన్ బరాబర్ ఉన్నదక్కా. గీ మోడెం పాతగైంది, గది మార్చుకో."

కొత్త మోడెం కొన్నది. తేడా ఏం లేదు. మళ్లీ ఫిర్యాదు చేసింది. చంద్రకాంత్ మళ్లీ మధ్యాహ్నమే వచ్చాడు. అతను ఉన్నంతసేపూ పచ్చ దీపం నిమ్మళంగా వెలిగింది. ఈసారి అతనే ఒక కిటుకు చెప్పాడు.

"ఫోనెత్తి ఏదన్న ఒక్క అంకె నొక్కక్కా. గుయ్యిమనే సప్పుడు బందయితది. గప్పుడు లైన్ల ఏం వినరావద్దు. కరకర వచ్చిందనుకో, తీగల ఎక్కడనో గడబిడ ఉన్నట్టు."

ఇద్దరూ వంతులవారీగా విన్నారు. ఏమీ లేదు. చంద్రకాంత్ బండి గల్లీ మలుపు తిరిగిపోయింది. సాయంత్రం కాల్ మధ్యలో దీపం ఆరింది. జ్యోతిరాణి పరుగున పోయి ఫోనెత్తి అంకె నొక్కింది. చెవిలో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు కరకర. చంద్రకాంత్‌కు సెల్‌లో ఫోన్ చేద్దామని వాకిట్లోకి వచ్చేలోపు ఆ చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.

మూడోసారి వచ్చినప్పుడు ఇద్దరికీ మాట పెరిగింది.

"బాగు గాకముందే బాగైందని ఎట్ల రాస్తవన్నా?"

"నేనొచ్చినప్పుడు మంచిగనే ఉంటుంది గదక్కా. పొద్దుగూకే వరకు క్లోజ్ చెయ్యకుంటె పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. తాండూరు నేనే, కొడంగల్ నేనే, నడుమ పల్లెలు నేనే. లేని ఫాల్ట్ నేనేడికెల్లి తేవాలె?"

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"నేనట్ల అంటలేను," అన్నాడు కానీ కళ్లు తిప్పుకున్నాడు.

హైదరాబాద్‌లో ఆమె పైన సింధుజ అని ఒక అమ్మాయి ఉంది. వయసులో చిన్నది. జ్యోతిరాణిని అక్కా అనే పిలుస్తుంది. ఆ వారంలోనే ఆమె మెల్లగా హెచ్చరించింది. "అక్కా, నీ కాల్స్ మస్తు కట్ అయితున్నయి. పైన అడుగుతున్నరు. జర చూసుకో."

చూసుకోవడం అంటే ఏం చూడాలో జ్యోతిరాణికి అర్థం కాలేదు. ప్రతి కాల్‌లోనూ ఒక కన్ను దీపం మీదే. ఒక మాట పలికి రెండో మాటకు ఊపిరి బిగబట్టేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. అన్నం దగ్గర ఎంకమ్మ ఏదన్నా అడిగినా చప్పున కసురుకునేది.

ఆ రోజు ఉదయం రెండు మూడు కాల్స్ సాఫీగానే నడిచాయి. తర్వాత కలిసిన కాల్‌లో ముందు ఏడుపే వినిపించింది. వెనక ఇంకెవరో పెద్ద గొంతుతో అరుస్తున్నారు.

"అక్కా, కూసు డీజల్ కుడదైత్రి!"

పసివాడు డీజిల్ తాగాడు. బోరు ఇంజను కోసం కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే, తీపి నీళ్లనుకుని ఎత్తి తాగేశాడట. ఫోన్ చేసింది తల్లి. కల్లం దగ్గరి ఇంట్లో ఆమె, ఆమె అత్త, పిల్లవాడు మాత్రమే ఉన్నారు. మగవాళ్లు పొలం పోయారు.

డాక్టరు గొంతు స్థిరంగా ఉంది. "స్పృహలో ఉన్నాడా? దగ్గుతున్నాడా?"

జ్యోతిరాణి అడిగింది. ఏడుస్తున్నాడు, కొంచెం దగ్గుతున్నాడు అని తల్లి చెప్పింది. అత్త ఉప్పు నీళ్లు కలుపుతోందని, తాగించి కక్కించమంటోందని కూడా చెప్పింది.

"వద్దు!" అన్నాడు డాక్టరు. "వాంతి చేయించొద్దని చెప్పండి. కక్కేటప్పుడు డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఏమీ తాగించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి."

జ్యోతిరాణి గొంతు పెంచింది. "అక్కా, కేళ్రి. కూసిగె వాంతి మాడ్స్..."

చెవిలో నిశ్శబ్దం. స్క్రీన్ మీద అంతా బిగుసుకుపోయింది. పచ్చ దీపం లేదు.

"బేడ్రి! మాడ్స్‌బేడ్రి!" అని ఆమె ఆ నిశ్శబ్దంలోకే అరిచింది. పక్క గదిలో ఉన్న ఎంకమ్మ పరుగెత్తుకొచ్చింది.

మాడ్స్‌రి అంటే చేయించండి. మాడ్స్‌బేడ్రి అంటే చేయించకండి. తెలుగులో మాదిరే కన్నడంలోనూ వద్దనే మాట చివర వస్తుంది. ఆ చివర అటు చేరిందో లేదో తెలియదు. చేరకపోతే, ఉప్పు నీళ్లు పట్టుకుని నిలబడ్డ ఆ ముసలామెకు డాక్టరే కక్కించమన్నట్టు వినిపించి ఉంటుంది.

రోగుల నంబర్లు ఆమెకు కనిపించవు. తిరిగి ఫోన్ చేసే దారి లేదు. హెడ్‌సెట్ లాగి పారేసి, సెల్ పట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తింది. అక్కడయితే సిగ్నల్ వస్తుంది. సింధుజ ఫోన్ ఎత్తేసరికి జ్యోతిరాణి ఆయాసపడుతోంది.

"సింధుజా, ఇప్పుడు తెగిన కాల్... గది నా సెల్‌కు కలుపు."

"అక్కా, సొంత సెల్ మీద పేషెంట్లతోని మాట్లాడొద్దు గద. రూల్..."

"రూల్ తర్వాత చూద్దాం! ఆమెకు సగమే చెప్పిన. కక్కియ్యమన్నట్టు వినబడిందో ఏమో. పోరడు సచ్చిపోతడు సింధుజా, జల్ది కలుపు!"

అవతల కీబోర్డు చప్పుడు. డాక్టరు ఆ లైన్‌లోనే ఉండి తనకు వచ్చిన హిందీలో చెప్పాలని చూశాడట. పిల్లవాడి తల్లి భయపడి పెట్టేసిందట. సింధుజ డాక్టరును కూడా లైన్‌లోకి తీసుకుని నంబరు కలిపింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది. ఎండకు కాలిన బండల మీద జ్యోతిరాణి చెప్పుల్లేని కాళ్లతో నిలబడి ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తెలియలేదు.

ఫోన్ ఎత్తింది ముసలామె.

"బేడ! బేడ! వాంతి బేడ!" జ్యోతిరాణి ఈసారి వద్దనే మాటనే ముందుపెట్టింది. వాక్యం ఎట్లా ఉన్నా సరే. "ఏనూ కుడ్స్‌బేడ్రి, తాయీ!" ఏమీ తాగించొద్దు తల్లీ అని.

వెనక పిల్లవాడు ఆగకుండా దగ్గుతున్నాడు.

"ఒమ్మె మాడ్సేవ్రి," అంది ముసలామె. ఒకసారి చేయించాం.

జ్యోతిరాణి ఆ మాట డాక్టరుకు చెప్పింది. డాక్టరు పిల్లవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాడు, ఇక ఏమీ పట్టించొద్దన్నాడు, అంబులెన్స్ కోసం చూడకుండా ఏ బండి దొరికితే ఆ బండి మీద ఆస్పత్రికి పొమ్మన్నాడు. జ్యోతిరాణి ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పింది. ఎవరిదో మోటారు సైకిల్ వచ్చిన చప్పుడు, ఆడవాళ్ల కేకలు, ఆ తర్వాత ఫోన్ ఆగిపోయింది.

ఆమె పిట్టగోడ పక్కన కూలబడింది. ఎంకమ్మ పైకొచ్చి కూతురి అరికాళ్లు చూసి, కిందికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.

మధ్యాహ్నం సింధుజ ఫోన్ చేసింది. "అక్కా, లైన్ బాగైందని తేలేదాకా నీకు కాల్స్ ఇయ్యొద్దన్నరు. నేనేం చెయ్యలేకపోయిన."

"పోరడు?"

"ఆస్పత్రికి పోయిండ్రు. గంతే తెలుసు."

ఆ సాయంత్రం భర్త మల్లేశ్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. సంగతంతా విన్నాడు. తర్వాత, "గా నౌకరి పోతె పోనియ్యి. గింత పరేషాన్ ఎందుకు? ఏదన్న స్కూల్ల చేరు," అన్నాడు. ఆమె బాధ చూడలేకే అన్నాడు. కానీ జ్యోతిరాణికి ఉద్యోగం పోతుందన్న దిగులు ఆ పూట అసలు లేనే లేదు. ఆమె చెవిలో ఆ దగ్గు తప్ప మరొకటి లేదు. వాకిట్లోకి వచ్చేసరికి సెల్‌లో మెసేజ్ ఉంది. పొద్దున తెగాక సెల్ నుంచి ఆమె మళ్లీ చేసిన ఫిర్యాదు కూడా పరిష్కరించబడింది. ఈసారి లైన్‌మన్ కూడా రాలేదు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ పోయింది. జిల్లా మొత్తం లైన్లు చూసే ఆఫీసు అక్కడే ఉంది. తాండూరులో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆ ఆఫీసు మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. పెద్ద హాలు, వరుసగా బల్లలు, సగం కుర్చీలు ఖాళీ. ఒక మూల జనార్దన్ అనే అధికారి ఉన్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆమె చెప్పింది ఓపికగానే విన్నాడు. నంబరు కంప్యూటర్లో కొట్టి చూశాడు.

"టెస్ట్ పెట్టినమ్మా. లైన్ ఓకే అని చూపిస్తుంది."

"మొన్న కూడ ఓకేనే అన్నరు సార్. నిన్న తెగింది."

"రాగి తీగలు పాతబడ్డయి. అప్పుడప్పుడు గట్ల అయితది. ఫైబర్ వచ్చేదాకా ఆగు."

"ఎప్పుడొస్తది సార్?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక లెమ్మన్నట్టే ఉంది. జ్యోతిరాణి లేవలేదు. నిన్న జరిగింది చెప్పింది. పిల్లవాడి సంగతి, సగంలో తెగిన మాట, ముసలామె జవాబు. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. పక్క బల్ల దగ్గరి గుమస్తా కూడా పని ఆపి వింటున్నాడు.

"ఒక్కసారి మా ఇంటికి మీ ఫోన్‌ల నుంచి చెయ్యుండ్రి సార్. మీ చెవులతోని మీరే వినుండ్రి. ఏం రాకుంటె నేనే పోతా, మల్ల రాను."

జనార్దన్ ఒక్క క్షణం ఆలోచించి, ఫోన్ ముందుకు లాక్కుని నంబరు కొట్టాడు. అందరికీ వినిపించేటట్టు స్పీకర్ నొక్కాడు. ఎంకమ్మ ఎత్తింది.

"అమ్మా, నేను. వికారాబాద్ ఆఫీసుల ఉన్న. నువ్వు జర మాట్లాడుతనే ఉండు. ఫోన్ పెట్టకు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న మాట్లాడు. ఆపకు, అంతే."

ఎంకమ్మ గొంతు గంట కొట్టినట్టు స్పష్టంగా వస్తోంది. పప్పు పొయ్యి మీద పెట్టానంది. చింతపండు అయిపోయిందంది. పక్కింటి మొగులమ్మ మేక మళ్లీ తాడు తెంపుకుని వచ్చి ఆరేసిన చీర కొంగు నమిలిందని, అడిగితే "నీ చీరనే గట్టి రంగు, మా మేకకు కడుపునొస్తది" అని ఎదురు తగవు పెట్టుకుందని చెప్పుకొచ్చింది. గుమస్తా నవ్వాడు. జనార్దన్ గోడ గడియారం వైపు చూశాడు. జ్యోతిరాణి చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది. ఎంకమ్మ మాటల్లో చిన్న గరగర కూడా లేదు. ఇంత దూరం వచ్చి, ఈయన ముందు ఏడ్చి, చివరికి తన మాటే అబద్ధమవుతుందా?

"సరేనమ్మా," అంటూ జనార్దన్ స్పీకర్ మీదికి చెయ్యి చాచాడు.

"...నేను మాత్రం ఊకుంటనా, అగో, మల్లొచ్చింది. గీ రాళ్ల లారీలతోని సచ్చిపోతున్నం. ఇల్లంత అదురుతుంది సూడు, సెల్ఫ్ మీద గిన్నెలు..."

కరకర. ఎండుటాకుల చప్పుడు. దాని అడుగున ఎంకమ్మ గొంతు మునిగిపోయింది. జనార్దన్ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ చప్పుడు పెరిగి, తగ్గి, నీళ్లలోంచి పైకి తేలినట్టు మళ్లీ ఎంకమ్మ వినిపించింది: "...హలో, ఉన్నవా బిడ్డా?"

"ఉన్న! అమ్మా, లారీ పోయిందా?"

"పోయింది. ఎనుక ఇంకోటి వస్తుంది."

ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. ఎంకమ్మ ఏం చెబుతోందో ఎవరూ వినడం లేదు. అందరూ వెనక రాబోయే లారీ మోత కోసమే చూస్తున్నారు. రెండో లారీ వచ్చింది. కరకరలాడి, ఈసారి లైన్ పూర్తిగా తెగిపోయింది.

జనార్దన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "గా రోడ్డుకు లారీలు ఎప్పటి సంది వస్తున్నయమ్మా?"

జ్యోతిరాణికి అప్పుడు వెలిగింది. పెద్ద రోడ్డు మీద మోరీ పని మొదలుపెట్టి, బండల లారీలను వాళ్ల గల్లీ ముందు నుంచి మళ్లించారు. వానలకు ముందే. తాండూరులో పెరిగినవాళ్లకు లారీ మోత మోతలాగే అనిపించదు. పైగా పని వేళ ఆమె చెవుల మీద హెడ్‌సెట్. పొద్దున, సాయంత్రం నిండు లారీలు బయటికి పోతాయి. మధ్యాహ్నం గనుల దగ్గర లోడింగ్. చంద్రకాంత్ వచ్చేది మధ్యాహ్నమే.

జనార్దన్ ఆమె ముందే చంద్రకాంత్‌కు ఫోన్ కలిపాడు. "రేపు పొద్దుగాల్నే పో. లారీలు నడుస్తున్నప్పుడు చూడాలె. రోడ్డు పక్క జాయింట్లన్ని విప్పు. దొరికేదాకా క్లోజ్ చెయ్యకు. ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు." ఫోన్ పెట్టేసి, కాస్త ఇబ్బందిగా, "గా పిల్లగాని సంగతి తెలిస్తె నాకు గూడ చెప్పమ్మా," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే చంద్రకాంత్ వచ్చాడు. గల్లీ మొదట్లో, లారీలు మలుపు తీసుకునే చోట, నేలలోంచి తీగలు పైకొచ్చే ఇనుప డబ్బా ఒకటి ఉంది. దాన్ని విప్పి ఒక్కో జతనూ చేత్తో పట్టుకుని చూడసాగాడు. ఇంట్లో జ్యోతిరాణి ల్యాండ్‌లైన్ చెవికి పెట్టుకుని, ఒక అంకె నొక్కి, నిశ్శబ్దాన్ని వింటోంది. ఎంకమ్మ గడపలో నిలబడింది, ఇటు కూతురినీ అటు రోడ్డునూ చూస్తూ. మొదటి లారీ వచ్చింది.

"వస్తుంది! ఇప్పుడే!" అని జ్యోతిరాణి అరిచింది. "వస్తుందట!" అని ఎంకమ్మ గల్లీలోకి కేకేసింది.

డబ్బాలో తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి. చంద్రకాంత్ మోకాళ్ల మీద కూర్చుని డబ్బా అడుగున మట్టి తవ్వాడు. అక్కడ, నేలలో, పాత జాయింటు ఒకటి. దాని మీది తొడుగు పగిలింది. లోపల ఒక తీగ పచ్చగా చిలుము పట్టి, ఒక పోగు మీద మాత్రమే వేలాడుతోంది. లారీ బరువుకు నేల అదిరినప్పుడల్లా అది విడిపోయి, మళ్లీ తాకుతోంది. రెండో లారీ వచ్చినప్పుడు ఆ తీగ కదలడం అతను కళ్లారా చూశాడు.

పాతది కోసేసి, కొత్త తీగ కలిపి, కొత్త తొడుగు వేసి మూసేసరికి ఎండ ఎక్కింది. ఆ తర్వాత లారీ మీద లారీ పోయింది. జ్యోతిరాణి చెవిలో ఏమీ లేదు. చంద్రకాంత్ చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, ఫోన్ తనూ ఒకసారి విన్నాడు.

"నా మీద కోపం పెట్టుకోకక్కా," అన్నాడు. "రోడ్డు దిక్కు సూడాలని తోచలేదు."

"నాకు మాత్రం తోచిందా అన్నా," అంది ఆమె. ఎంకమ్మ అతనికి పళ్లెంలో రొట్టె, పప్పు పెట్టింది. అతను మొహమాటపడకుండా తిన్నాడు.

లైన్ బాగైంది కానీ కాల్స్ వెంటనే రాలేదు. సింధుజ రోజూ ఉత్త కాల్స్ కలిపి, లైన్ నిలబడుతుందో లేదో చూసేది. అట్లాంటి ఒక కాల్‌లోనే చెప్పింది.

"అక్కా, గా పిల్లగాడు ఇంటికి పోయిండట. ఊపిరితిత్తులు వాసినయట, ఆక్సిజన్ మీద పెట్టిన్రట. ఇప్పుడు మంచిగున్నడట."

జ్యోతిరాణి కళ్లు మూసుకుంది. "కక్కిచ్చినందుకేనా?"

"డాక్టర్‌ను నేను గూడ గదే అడిగిన. తాగినప్పుడే కొంత పోయుండొచ్చు, కక్కినప్పుడు కొంత పోయుండొచ్చు, చెప్పలేం అన్నడు."

చెప్పలేం అన్న ఆ మాటను ఆమె ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలా రోజులు మోసింది. జనార్దన్‌కు ఫోన్ చేసి పిల్లవాడు ఇల్లు చేరాడని చెప్పింది, రెండో సగం చెప్పలేదు. మల్లేశ్‌కు మాత్రం చెప్పింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, స్కూల్ మాట మళ్లీ ఎత్తలేదు.

అసలు కాల్ మొదటిది ఒక సోమవారం ఉదయం వచ్చింది. లారీలు పోయే వేళ. హెడ్‌సెట్ పెట్టుకుని ఆమె ముందు దీపం వైపు చూసింది. సరిహద్దు అవతలి ఊరి నుంచి ఒక పెద్దావిడ, మోకాళ్ల నొప్పుల గురించి. డాక్టరు మందు ఎప్పుడు వేసుకోవాలో, ఎంత దూరం నడవాలో చెప్పాడు. జ్యోతిరాణి చెప్పింది. పెద్దావిడ మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. ఆవిడ అంతటితో ఆగక, కోడలు ఉప్పు ఎక్కువ వేస్తుందని, మనవరాలు గుల్బర్గాలో కాలేజీలో చేరిందని, నీ ఊరేది తల్లీ అని, పెళ్లయిందా అని అడిగింది. బల్ల మీది గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి, బయట లారీ పోతోంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

డాక్టరు నవ్వుతూ ఇక చాలని చెప్పమన్నాడు. జ్యోతిరాణి చెప్పలేదు. ఆవిడను మాట్లాడనిచ్చింది. చెప్పవలసినవన్నీ చెప్పుకుని, "బర్తీనవ్వా, ఛొలో ఇరు," వస్తానమ్మా, చల్లగా ఉండు అని దీవించి, ఆ పెద్దావిడే తనంతట తాను ఫోన్ పెట్టేసింది.